వెనక నుంచి అన్న మాట

నెల మొదటి ఆదివారం వచ్చిందంటే మా ప్రార్థన గదిలో ఆడవాళ్లు కొందరు నాకు దూరంగా చాప వెతుక్కునేవారు. నా భక్తికి జడిసి అలా చేస్తున్నారనుకునేదాన్ని. తన గురించి తాను గొప్పగా అనుకునే శక్తిని దేవుడు అందరికీ ధారాళంగానే ఇచ్చాడు, నాకు ఇచ్చేటప్పుడు మాత్రం చెయ్యి జారినట్టుంది.

ఆ గది డిండోలిలో ఒక ఎంబ్రాయిడరీ మిషన్ల దుకాణం మీద ఉంది. తెలంగాణ నుంచి సూరత్‌కు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి వచ్చిన కుటుంబాల్లో ప్రభువును నమ్ముకున్న కొద్దిమందిమి అక్కడ కూడుకుంటాం. కింద మిషన్లు ఆదివారం కూడా ఆగవు కాబట్టి మేం పాడుతున్నంతసేపూ నేల అదురుతూనే ఉంటుంది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె విరిచి, ద్రాక్షరసం పంచుకుంటాం. దానికి ముందు పాస్టర్ గారు కాసేపు ఆగి, ఎవరికైనా ఎవరితోనైనా పేచీ ఉంటే ముందు వెళ్లి సమాధానపడండి అంటారు. అందరూ లేచి ఒకరి దగ్గరికొకరు వెళ్లి, చేతులు పట్టుకుని, "వందనాలు, నన్ను క్షమించండి" అంటారు. అవతలివాళ్లు "దేవుడు దీవించును గాక, నన్ను కూడా క్షమించండి" అంటారు. ఎందుకు క్షమించాలో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. ఒక పాట పూర్తయ్యేలోగా అందరికీ అందరితో సమాధానం కుదిరిపోతుంది.

నాకిది సగం పనిలా తోచింది. ఏం తప్పు చేశామో చెప్పకుండా క్షమించమంటే అది ఎలాంటి ఒప్పుకోలు? అందుకని నేను వివరంగా ఒప్పుకోవడం మొదలుపెట్టాను. చేసిన తప్పులు పెద్దగా లేవు కనుక, మనసులో అనుకున్నవి ఒప్పుకున్నాను.

మా ఎదురింటి అక్క దగ్గరికి వెళ్లి, ఆమె రెండు చేతులూ పట్టుకుని, "అక్కా, నన్ను క్షమించు. పోయినసారి ప్రేమవిందుకు నువ్వు తెచ్చిన పప్పు ఒట్టి నీళ్లున్నదని మనసుల అనుకున్న" అన్నాను. ఆ క్షణం వరకూ ఆమెకూ నాకూ ఏ పేచీ లేదు. సమాధానపడ్డాక క్రిస్మస్ దాకా నాతో మాట్లాడలేదు.

తర్వాత పాస్టర్ గారి భార్య. "అమ్మగారూ, మీరు పాట ఎత్తుకున్నప్పుడల్ల నాకు నవ్వొస్తది. నోట్ల కొంగు పెట్టుకొని ఆపుకుంటున్న. క్షమించుండ్రి" అన్నాను. ఆవిడ మంచి మనిషి, దీవించింది. పై వారం నుంచి పాట ఎత్తుకోవడం మానేసింది. ఇప్పుడు ఎవరు పడితే వాళ్లు, ఏ శ్రుతిలో పడితే ఆ శ్రుతిలో ఎత్తుకుంటున్నారు. ఆవిడ గొంతే నయమని అందరికీ తెలిసొచ్చింది, నాకు కూడా. ఆ సంగతి కూడా వెళ్లి ఒప్పుకుందామనుకున్నాను గానీ మా అమ్మాయి నా కొంగు పట్టుకుని లాగింది. "మమ్మీ, బస్ కర్! ఇగ చాలు" అంది.

పాస్టర్ గారు ఒకసారి మెట్ల దగ్గర ఆపి నెమ్మదిగా చెప్పి చూశారు. "సిస్టర్, మనసుల వచ్చిన ప్రతీది మనుషులకు చెప్పనక్కర్లేదు. కొన్ని దేవునికి చెప్పుకుంటె చాలు. సత్యం చెప్పమన్నడు ప్రభువు, గని ప్రేమతోని చెప్పమన్నడు." నేను తలూపాను. సత్యం అన్న మాట నాకు బాగా వినిపించింది. ప్రేమతో అన్నది వేరేవాళ్లకు చెప్తున్నారనుకున్నాను.

ఇంట్లో నా సత్యానికంతటికీ మొదటి శ్రోత మా ఆయన. పెళ్లయిన కొత్తలో నన్ను సూరత్‌కు తీసుకొచ్చినప్పటి నుంచీ సాంచాల మీదే పని, ఒక వారం దిన్ పాలీ, అంటే పగటి షిఫ్టు, ఒక వారం రాత్ పాలీ. మాట తక్కువ. ఏది పెట్టినా "మంచిగున్నది" అంటాడు. నేను కావాలని ఉప్పు వేయకుండా పెట్టినా అదే మాట. ఈ మనిషికి నిజం చెప్పే ధైర్యం లేదని నిర్ణయించుకుని, ఇద్దరి వంతూ నేనే చెప్పేదాన్ని. చీరలకు రాళ్లు అంటించే పని ఇంట్లోనే చేస్తాను కాబట్టి నా చేతులు ఖాళీ ఉండవు, నోరు ఖాళీ ఉంటుంది. ఆయన చొక్కా గురించి, నడక గురించి, ప్రార్థనలో ఆయన తీసే కునుకు గురించి, ఆయన అన్నదమ్ముల గురించి, కూర్చున్న చోటు నుంచి తల ఎత్తకుండా చెప్పుకుంటూ పోయేదాన్ని. ముఖ్యంగా గడిచిన ఏడాదిగా ఆయన ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. మొహం మీద చిరునవ్వు కూడా చెరగలేదు. ప్రభువు తర్వాత అంత ఓర్పు మా ఆయనలోనే చూశానని ప్రార్థన గదిలో నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను. మా ఇద్దరి మధ్య ఒక్క అబద్ధం లేదు, దాపరికం లేదు, అందుకే మా ఇంట్లో ఇంత సమాధానం అని ముగించాను. మా ఆయన ఆ చివర మూలన కూర్చుని అందరికంటే కొంచెం ఆలస్యంగా ఆమేన్ అన్నాడు.

ఆ వానాకాలం నా సాక్ష్యానికి బీట పడింది. మా ఆయన నా దగ్గర ఏదో దాస్తున్నాడు.

ముందు ఫోన్. ఊరి నుంచి వాళ్ల అన్న ఫోన్ చేస్తే ఇదివరకు బయటికెళ్లి మాట్లాడేవాడు, ఇప్పుడు నా చేతికిచ్చి "నువ్వే మాట్లాడు" అంటున్నాడు. తర్వాత, పాలీ దిగిన వెంటనే ఇంటికి రాకుండా కొన్ని రోజులు ఆలస్యంగా వస్తున్నాడు. "యాడికి పోయినవ్?" అని నేను పొయ్యి దగ్గర నుంచి అడిగితే "తిన్న" అంటాడు. ఇంత లౌక్యంగా మాట తప్పించడం ఈ మనిషికి ఎవరు నేర్పారా అని ఆశ్చర్యపోయాను. అన్నిటికంటే మా అమ్మాయి వరస. తండ్రీకూతుళ్లు ఎదురెదురుగా కూర్చుని, గొంతు లేకుండా పెదాలు కదిలిస్తూ, చేతులు తిప్పుతూ ఏదో చెప్పుకుంటారు. నేను రాగానే ఆపేస్తారు. సాంచాల హోరులో మాట వినపడదు కాబట్టి కార్ఖానాలో మగవాళ్లందరూ అలా పెదాలతో, చేతులతోనే మాట్లాడుకుంటారు. ఇంట్లో హోరు ఏముంది? ఉంటే నేనే ఉన్నాను.

నాకు నిజంగా భయం వేసింది. నవ్వులాటకు చెప్పడం లేదు. మాకు ఇక్కడ సొంత ఇల్లు లేదు, ఊళ్లో చెప్పుకోదగ్గ పొలం లేదు. ప్రభువును నమ్ముకున్నామని బంధువులు సగం మంది పిలవడం మానేశారు. నాకంటూ ఉన్నదల్లా ఈ మనిషి నాతో నిజంగా ఉన్నాడన్న నమ్మకం ఒక్కటే. అది పోతే ఇంత పెద్ద ఊళ్లో నేను ఎవరిని?

భయపడ్డ మనిషి బుర్ర ఎలా పనిచేస్తుందో అలాగే పనిచేసింది నాదీ. మా ఆయన కార్ఖానాలో ఒకతను చనిపోతే, అతని భార్య ఊరికి ఆ చివరనున్న కోసాడ్‌లో సర్కారు ఇళ్లలోకి మారింది. ఆ రోజు సామాన్లు మోయడానికి మా ఆయన వెళ్లాడు. తిరిగొచ్చి, "పాపం, శానా కష్టం" అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోట రావడమే అరుదు. ఇక నాకు సాక్ష్యాలు అక్కర్లేకపోయాయి.

మరుసటి వారం ఆడవాళ్ల కూడికలో ప్రార్థన విన్నపం పెట్టాను. పేరు చెప్పకూడదన్న మర్యాద నాకు తెలుసు. "ఒక బ్రదర్ తప్పు దారిల పోతున్నట్టున్నది. పేరు చెప్ప. సాంచాలు నడుపుతడు. డిండోలిలనే ఉంటడు. ఒక బిడ్డ. మాట తక్కువ" అన్నాను. అందరూ కళ్లు మూసుకుని నా మొగుడి కోసం కన్నీళ్లతో ప్రార్థన చేశారు. ఎదురింటి అక్క అందరికంటే గట్టిగా చేసింది. పప్పు సంగతి ఆమె ఇంకా మర్చిపోలేదని నాకప్పుడే అర్థమైంది.

మొదటి ఆదివారం వచ్చింది. ఈసారి నా పథకం పక్కాగా ఉంది. నేను ముందు ఆయన్ని అనుమానించినందుకు క్షమాపణ అడుగుతాను. అడిగితే ఆయన మనసు కరుగుతుంది, తన తప్పు తాను ఒప్పుకుంటాడు. ప్రభువు ఎదుట, బల్ల ముందు, అబద్ధం ఆడలేడు కదా. సమాధానపడే వేళ కాగానే ఆడవాళ్ల చాపలు దాటుకుని మగవాళ్ల వైపు నడిచాను. మాలో భార్యాభర్తలు అందరి ముందూ ఒకరి దగ్గరికొకరు వెళ్లి క్షమాపణ అడిగే అలవాటు లేదు. ఇంట్లో చూసుకోవలసినవి అవి. పాస్టర్ గారు నన్ను చూసి పాట మధ్యలో ఒక ముక్క మింగేశారు.

మా ఆయన మోకాళ్ల మీద ఉన్నాడు, కళ్లు మూసుకుని. నేను ఎడమ పక్కన మోకరించి, చెయ్యి పట్టుకుని, చెవి దగ్గర చెప్పాను. "నన్ను క్షమించు. కోసాడ్ ఆమెతోని నీకు సంబంధమున్నదని అనుమానపడ్డ."

ఆయన కళ్లు తెరవలేదు. మొహం వెలిగింది. "స్తోత్రం. దేవుడు దీవించును గాక. నన్ను గూడ క్షమించు" అన్నాడు.

అంత సులువుగా! అంత సంతోషంగా! ఒప్పేసుకున్నట్టే కదా. ఎలాగో లేచి నా చాప మీదికి వచ్చాను. మనసులో పేచీ పెట్టుకుని తినకూడదు కనుక, రొట్టె నా దాకా వస్తే తీసుకోకుండా పక్కావిడకు అందించాను. ఇన్నేళ్లలో నేను బల్ల విడిచిపెట్టడం అదే మొదలు. పక్కావిడ నా వంక చూసిన చూపులో జాలి ఉంది, నా గురించి నాకు చెప్పడానికి ఏదో దొరికిందన్న సంతోషం కూడా ఉంది. ఆ సంతోషం నాకు బాగా తెలిసినదే.

మా అమ్మాయి పిల్లలకు పాటలు నేర్పడానికి గదిలోనే ఉండిపోయింది. మేమిద్దరం ఇంటికి వచ్చాం. వాన పడుతోంది, గొడుగు ఒకటే. నేను గొడుగు ఆయనకు వదిలేసి తడుస్తూ ముందు నడిచాను. కోపం చూపించడానికి గొడుగు లేకుండా నడవడం మంచి పద్ధతే గానీ, అవతలి మనిషి మన వెనకే పరుగెత్తి మన తల మీద గొడుగు పట్టి తాను తడుస్తూ ఉంటే ఆ కోపం అంత బాగా కనపడదు.

ఇంట్లోకి రాగానే ఆయన తల తుడుచుకుని, కిటికీ దగ్గర నేల మీద కూర్చుని, నేను పని పూర్తిచేసి పెట్టిన చీర ఒకటి ఒళ్లో వేసుకున్నాడు. అంచున వేలాడే దారాల కొసలు కత్తిరించాలి. సెలవు రోజున ఆ పని ఎప్పుడూ ఆయనే చేస్తాడు. వీపు నా వైపు ఉంది. నేను తడి చీరతో తలుపు దగ్గరే నిలబడ్డాను.

"ఆమె ఎవరు?" అన్నాను.

కత్తెర చప్పుడు.

"ఎన్నొద్దుల నుంచి? బిడ్డకు గూడ తెల్సా?"

ఒక కొస కత్తిరించి, దాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టి, ఇంకో కొస వెతుక్కున్నాడు.

"జవాబియ్యవా? నా అసొంటిది అడిగినా జవాబు లేదా?"

ఆయన సన్నగా కూనిరాగం తీశాడు. ఇందాక ప్రార్థనలో పాడిన పాటే. నా ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లలో అన్ని నిజాలూ చెప్పాను గానీ ఆ మాట ఎప్పుడూ అనలేదు. మనసులో కూడా అనుకోలేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో, పూర్తిగా తయారై నోట్లోకి వచ్చింది.

"నిన్ను చేసుకోకుంటెనే బాగుండు. నీతోని ఉన్నన్ని ఏండ్లు మట్టిల పోసుకున్న."

నేను గోడ పట్టుకున్నాను. ఆయన లేస్తాడు, అరుస్తాడు, వెళ్లిపోతాడు, ఏదో ఒకటి జరుగుతుందని చూశాను. ఆయన చీర కొంగు మడత సరిచేసి, తల తిప్పి, నన్ను చూశాడు.

"జర చాయ్ పెడ్తవా? అరే, ఇంకా తడి చీరనే ఉన్నవేంది? జలుబైతది" అని నవ్వాడు.

మనుషుల మొహాల్లో అబద్ధం పట్టుకోవడంలో నాకు పేరుంది. ఆ నవ్వులో అబద్ధం లేదు. ఆయన మళ్లీ చీర వైపు తిరిగాడు. నేను మెల్లగా, "ఏమయ్యా" అన్నాను. కదలలేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచాను. కత్తెర ఆగలేదు. గొంతు చించుకుని పిలిచాను. గోడ అవతలి నుంచి పక్కింటామె, "ఏందక్కా, పిలిసినవా?" అంది.

నేను వెళ్లి ఆయన ముందు కూర్చున్నాను. చేతిలో కత్తెర తీసి పక్కన పెట్టాను. ఏడుపొచ్చేస్తోంది గానీ మాట స్పష్టంగా ఉండాలని ఆపుకున్నాను. "నీకు ఇనవడ్త లేదా?" అని అడిగాను.

ఆయన నా పెదాల వంక చూశాడు. ఇన్నాళ్లూ ఆ చూపును ప్రేమ అనుకున్నాను. ప్రేమ కూడా ఉండి ఉంటుంది, కానీ చదువుకోవడం ఎక్కువ ఉంది.

"ఎడమ చెవు మొత్తం పోయింది. కుడిదాన్ల జరంత వస్తది. ఎదురుగుంటె తెలుస్తది" అన్నాడు.

"ఎప్పట్సంది?"

"నిరుటి నుంచి మల్ల ఎక్కువైంది. ఉధ్నాల డాక్టర్ దగ్గరికి పోతున్న. సాంచాల చప్పుడుకట. ఇగ రాదన్నడు."

ఆలస్యంగా రావడం అందుకే. ఫోన్ నా చేతికివ్వడం అందుకే. చేతులు తిప్పుతూ కూతురితో మాటలూ అందుకే. అమ్మాయి ఎప్పుడో కనిపెట్టి తండ్రి దగ్గర ఒట్టు వేసిందట. ఇంట్లో ముగ్గురం ఉంటే ఇద్దరికి తెలుసు. తెలియనిది నిజం మీద పేటెంటు తీసుకున్న నాకే.

ఇంకో సంగతి కొంచెం ఆలస్యంగా వెలిగింది. ఏడాదిగా చీరల మీద నుంచి తల ఎత్తకుండా, పొయ్యి దగ్గర నుంచి, తలుపు చాటు నుంచి నేను చెప్పిన నిజాలు ఒక్కటి కూడా ఆయనకు చేరలేదు. చొక్కా లేదు, నడక లేదు, అన్నదమ్ములు లేరు. ప్రభువు తర్వాత అంత ఓర్పు అని నేను చెప్పిన సాక్ష్యం ఎవరికి చెందాలి? మా ఇంటి సమాధానానికి నా నిజాయితీ కారణం కాదు. ఆ ఘనత సాంచాలది.

"నాకెందుకు చెప్పలే?" అన్నాను.

దారం కొస ఒకటి వేలికి చుట్టుకున్నాడు. "చెప్తె నువ్వు ప్రార్థన విన్నపం పెడ్తవ్. పేరు చెప్పకుంట పెడ్తవ్, అందరికీ తెలుస్తది. శేఠ్‌కు తెలిస్తె సాంచాల మీదికెళ్లి తీసేస్తడు." ఆగి, మళ్లీ అన్నాడు. "అదొక్కటే గాదు. నీకు చెప్పాలంటె భయమైంది. నువ్వు ఉన్నదున్నట్టు అంటవ్ గదా. చెవిటోడు ఇగ దేనికి పనికొస్తడు అని నీ నోటెంబడి వస్తే, అది నిజమే ఉంటది. అది ఇనుడు నాతోని గాదనిపిచ్చింది."

నాకు సిగ్గేసింది. అంతకు మించి ఏ మాటా దానికి సరిపోదు. ప్రేమ ఉన్న చోట భయానికి తావు లేదని పాస్టర్ గారు ఎన్ని ఆదివారాలు చెప్పారో. నేను తలూపుతూ, ఆ మాట ఎవరెవరికి తగులుతుందో గదంతా కలయజూసేదాన్ని. నేను నిజాయితీ అనుకున్నది నా ఇంట్లో పోలీసు తనిఖీలా ఉండేది. అందుకే ఇంట్లో ఉన్నవాళ్లిద్దరూ నిజాన్ని దొంగసొత్తులా దాచుకున్నారు. నేను అబద్ధం లేని ఇల్లు కట్టాననుకున్నాను. నిజం చెప్పడానికి ఎవరికీ ధైర్యం లేని ఇల్లు కట్టాను.

"ఇయ్యాల ప్రార్థనల నా చెవుల ఏమో చెప్పినవ్ గదా. ఏంది?" అని అడిగాడు.

చెప్పాను. కోసాడ్ పేరు రాగానే నోరు తెరిచి చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఒళ్లో చీర జారిపోయేలా, కళ్ల వెంట నీళ్లొచ్చేలా నవ్వాడు. "కోసాడా? గంత దూరం పోవుడా? ఇంటి నుంచి సాంచాల కాడికి పోవుడే నాకు శాతగాదు!" నా మీద ఇంత బలమైన ప్రేమ ఉందని చెప్పడానికి ఆయనకు దొరికిన కారణం దూరం ఒక్కటే. నేనూ నవ్వాను. మరి దీవించావెందుకని అడిగితే, "అందరు అనేది అదే గదా, నువ్వు గూడ అదే అన్నవనుకున్న" అన్నాడు. నిజమే. ఆ గదిలో వేరే ఏదో చెప్పేది నేనొక్కదాన్నే.

నవ్వు ఆగాక నాకు ఆ మాట గుర్తొచ్చింది. తలుపు దగ్గర నిలబడి అన్నది. ఆయన వినలేదు. ఎప్పటికీ తెలియదు. పప్పు నీళ్లగా ఉందనుకున్నందుకు చేతులు పట్టుకుని ఒప్పుకున్న దాన్ని, ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరు అడుగుతారు? మూసుకోవడమే ప్రేమేమో కూడా. వినని దెబ్బను చేతులారా తీసుకెళ్లి తగిలించడం దేనికి? మొట్టమొదటిసారి, ఒక నిజం చెప్పాలా వద్దా అని ఆలోచించాను. ఆ పని ఇంత కష్టమని నాకు తెలియదు. చెప్పకపోతే రేపటి నుంచి ఆయన నా పెదాల వంక చూసినప్పుడల్లా నేను దాస్తున్న మాట ఒకటి వాటి వెనక ఉంటుంది. ఇన్నాళ్లూ ఆయన ఒంటరిగా దాచుకున్నాడు, ఇక నేను మొదలుపెట్టాలి. అది నాకు చేతకాదు. గొప్పకు చెప్పడం లేదు, భయం వల్లే చేతకాదు.

నా మొహం చూసి ఆయనే అడిగాడు. "ఎన్కకెళ్లి ఇంకేమన్న అన్నవా?"

"అన్న."

"ఏమన్నవ్?"

చెప్పాలంటే ఎదురుగా కూర్చోవాలి, కళ్లల్లోకి చూడాలి, ఒక్కో మాట పెదాలతో విడివిడిగా పలకాలి. ఇన్నేళ్లుగా నేను కత్తిలా విసిరిన మాటలన్నీ ఇలా చెప్పవలసి వస్తే సగం నోట్లోనే ఆగిపోయేవి. వెనక నుంచి అంత సులువుగా వచ్చిన మాట ముందు నుంచి గొంతు దాటడం లేదు. ఆయన చేతులు రెండూ పట్టుకున్నాను. "నిన్ను చేసుకోకుంటె బాగుండు అన్న. నీతోని ఉన్న ఏండ్లు మట్టిల పోసుకున్న అన్న. కోపంల అన్న. అది అబద్ధం."

ఆయన మొహంలో నవ్వు పోయింది. నేను భయపడ్డంతా జరిగిందనుకున్నాను. చేతులు మాత్రం వదిలించుకోలేదు. నా నోటి వంకే చూశాడు.

"ఆఖర్ల ఏమన్నవ్? సమజ్ కాలే" అన్నాడు.

"అది అబద్ధం" అన్నాను.

ఆయన తల కొంచెం ముందుకు వంచాడు. "ఆఁ?"

"అబద్ధం. అది అబద్ధమయ్యా."

"జర నిమ్మలంగ చెప్పు. ఇనవడ్త లేదు."

ఆయన కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, పెదవి చివర వణుకుతోంది. ఆయనకు మొదటిసారే అర్థమైందని నాకు తెలిసిపోయింది. ఇన్నేళ్లలో నేను పట్టుకున్న ఆయన మొదటి అబద్ధం అది. ఇంకొంచెం దగ్గరికి జరిగి, మళ్లీ చెప్పాను.